ఇంటి ఫ్రిజ్జులో చలి మితిమీరినప్పుడు

నేడు పల్లెలలో గూడ అనేక రైతు కుటుంబములలో ఫ్రిజ్జు సామాన్య వస్తువైనది. పాలు, పెరుగు, కూరగాయలే గాక, ఇంటిలోని పెద్దల ఇన్సులిను మందు, పశువులకు వేయించు టీకాల సీసాలు గూడ కొందరు అందులోనే ఉంచుచున్నారు. ఫ్రిజ్జు చల్లబరచనిచో వెంటనే మెకానిక్కును పిలుతురు. కాని అది మితిమీరి చల్లబరచునప్పుడు "చల్లగానే ఉన్నది గదా" యని ఊరకుందురు. చలి చాలక చెడిన పాలు వాసనచేత తెలియును. చలి ఎక్కువై చెడిన మందు పలుమారు కంటికి తెలియదు. కావున ఈ లోపమును కనిపెట్టి సవరించుకొను విధము ప్రతి రైతు కుటుంబము తెలిసికొనవలెను.

కలుగు నష్టము

నీరు 0 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద గడ్డకట్టును. పాలు, ఆకుకూరలు అంతకు కొంచెము దిగువన గడ్డకట్టును. ఆకులోని నీరు మంచుగా మారినప్పుడు కణముల పొరలు చిట్లును. అందుచేతనే బయటకు తీసిన కొంతసేపటికి కొత్తిమీర, తోటకూర వేడినీట ముంచినట్లు వాలిపోవును. టమాటా, వంగ, బెండ, దోస, అరటి వంటివి వేడి ప్రదేశముల పంటలు. వీటికి గడ్డకట్టని చలి గూడ సరిపడదు. 10 డిగ్రీలకు దిగువన చాల దినములుంచినచో మచ్చలు పడి రుచి చెడును.

టీకాల విషయము ఇంతకంటె ముఖ్యమైనది. గాలికుంటు, గొంతువాపు టీకాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను. ఒకసారి గడ్డకట్టిన టీకాను కరిగించినను వాడరాదు. అట్టి టీకా వేయించి, పశువునకు రక్షణ కలిగినదని నమ్మియుండుట ప్రమాదకరము. గడ్డకట్టిన ఇన్సులినును గూడ పారవేయవలసినదే.

మొదట కొలిచి చూడుడు

చేతితో తాకి చలిని అంచనా వేయరాదు. ఒక గ్లాసెడు నీటిలో థర్మామీటరు నుంచి, నడిమి అరపై రాత్రియంతయు ఉంచవలెను. జ్వరము చూచు థర్మామీటరు ఇంత చలిని చూపజాలదు. సున్నకు దిగువ వరకు గీతలున్నది కావలెను. ఉదయము తలుపు తీసిన వెంటనే చూడుడు. 3 నుండి 5 డిగ్రీలున్నచో సరిగా నున్నట్లు. 2 డిగ్రీలకు తగ్గినచో ఈ క్రింది విషయములను వరుసగా పరీక్షింపవలెను.

1. మీట: లోపల త్రిప్పు మీటపై నుండు అంకెలు డిగ్రీలు కావు. సాధారణముగా అంకె పెరిగిన కొలది చలి పెరుగును. వేసవిలో హెచ్చించిన మీటను చలికాలములో అట్లే వదలుట తరచుగా కనబడు కారణము. ఆదిలాబాదు, అరకు వంటి చోట్ల చలికాలపు రాత్రులు 10 డిగ్రీలకంటె దిగజారును. అప్పుడు బయటి వేడి లోనికి అంతగా చొరదు గనుక లోపలి అరలు మరింత చల్లబడును. మీటను ఒక్క అంకె మాత్రమే తగ్గించి, పూర్తిగా ఒక దినము ఆగి, మరల కొలువవలెను. క్రొత్త రకములలో త్వరగా గడ్డకట్టించు బొత్తాము నొక్కి మరచిపోయిరేమో గూడ చూడుడు.

2. సర్దుబాటు: ఒకే తలుపుగల రకములో మంచు గది పైననుండును. చల్లని గాలి బరువైనది గనుక క్రిందికి జారును. ఆ గది క్రింది పళ్ళెము తీసివేసినచో చలి సూటిగా పై అరపై పడును. రెండు తలుపుల రకములో గాలి వచ్చు రంధ్రముల యెదుట కూరగాయలు, మందులు పెట్టరాదు. ఏ రకములోనైనను వస్తువులు వెనుక గోడకు తగులరాదు.

3. తలుపు రబ్బరు: ఒక కాగితమును తలుపు సందున పెట్టి మూసి లాగుడు. సులువుగా జారివచ్చినచో రబ్బరు వదులైనట్లు. గాలి చొరబడుటచేత కంప్రెసరు ఎక్కువసేపు నడచును. మంచు గదికి దగ్గరి వస్తువులు గడ్డకట్టును. రబ్బరును సబ్బునీటితో తుడిచి చూచి, ప్రయోజనము లేనిచో మార్పించవలెను.

4. మంచు పేరుకొనుట: మంచు అర అంగుళము మందము వచ్చువరకు ఆగక, కరెంటు తీసి, దానంతట అది కరగనీయవలెను. కత్తితో గీకరాదు. నేటి అనేక ఫ్రిజ్జులలో ఐసోబ్యూటేను అను మండెడు వాయువుండును. గొట్టమునకు రంధ్రము పడినచో అపాయము.

5. థర్మోస్టాటు: చలి తగినంత కాగానే కంప్రెసరును ఆపునది ఇదియే. పాత పద్ధతి రకములలో దీని సన్నని గొట్టము మంచు గది రేకును అంటియుండును. అది ఊడినచో చలి చాలలేదని భ్రమించి కంప్రెసరు నడచుచునే యుండును. మీటను సున్నకు త్రిప్పినను కంప్రెసరు ఆగనిచో థర్మోస్టాటు లోపలి స్పర్శలు అతుక్కున్నట్లు. ఈ పని మెకానిక్కుదే, స్వయముగా విప్పరాదు. మీరు కొలిచిన డిగ్రీలు, మీట అంకె, కంప్రెసరు ఆగుచున్నదో లేదో అతనికి చెప్పినచో అనవసరముగా గ్యాసు నింపించు ఖర్చు తప్పును.

గమనిక

ఫ్రిజ్జు బాగుపడువరకు ఇన్సులినును తలుపు అరలోనుంచి, అక్కడ గూడ థర్మామీటరుతో కొలిచి చూచుచుండుడు. టీకాలను ఇంట నిలువచేయుటకంటె, వేయించు దినముననే మంచు పెట్టెలో తెచ్చుకొనుట మేలు. సీసాలు మంచుగడ్డకు తగులకుండ నడుమ గుడ్డ నుంచవలెను. గడ్డకట్టినదను అనుమానము కలిగిన సీసాను వాడక, పశువైద్యునకు చూపుడు. సీసా వెల స్వల్పము, పాడిపశువు వెల అధికము.