నడివయసు పురుషులలో మూత్ర బాధలు: కారణమును గుర్తించు విధానము

45, 50 ఏళ్ళు దాటిన పురుషులు నా వద్దకు వచ్చి చెప్పే మాట తరచుగా ఒక్కటే. "అయ్యా, రాత్రిపూట మూడు నాలుగు సార్లు లేవవలసి వస్తున్నది. షుగరేమో చూడండి." అంతటితో ఊరుకుంటారు. మిగిలిన సగం ప్రక్కన కూర్చున్న ఇల్లాలు చెబుతుంది. ఆమెకు కూడా తెలియనిది మరికొంత ఉంటుంది. దానిని రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగవలసినదే.

రాత్రి లేవడం వ్యాధి కాదు, లక్షణము మాత్రమే. దాని వెనుక ప్రమేహము ఉండవచ్చు, మూత్రమార్గమున అడ్డంకి ఉండవచ్చు, గుండె బలహీనత ఉండవచ్చు, సాయంత్రం త్రాగిన రెండు కప్పుల కాఫీ కూడా ఉండవచ్చు. మన శాస్త్రము మూత్రము నొప్పితో వచ్చుటను మూత్రకృచ్ఛ్రమనీ, అడ్డగింపబడుటను మూత్రాఘాతమనీ, అధికముగా వచ్చుటను ప్రమేహమనీ వేరు చేసింది. సుశ్రుతుడు మూత్రాఘాతమునే పన్నెండు విధములుగా విభజించాడు. ఈ విభజన పండితుల సరదా కాదు. దానిని లెక్కచేయక నేనొకసారి పొరపడ్డాను. ఆ సంగతి దాచకుండా చెబుతాను.

1993లో 54 ఏళ్ళ ఉపాధ్యాయుడొకరు వచ్చారు. గంటగంటకూ వెళ్ళవలసి వస్తున్నదనీ, ఒక్కోసారి పంచె కూడా తడుస్తున్నదనీ చెప్పారు. నాడి చూశాను. వాతము హెచ్చుగా తోచింది. పల్లేరుకాయల కషాయము, బార్లీ జావ ఇచ్చి పంపాను. ఎనిమిదవ నాటికి కుమారుడు ఆయనను రిక్షాలో తీసుకొని వచ్చాడు. ముఖము ఉబ్బి, మగతగా ఉన్నారు. అప్పుడు పొత్తికడుపు మీద చేయి వేశాను. బొడ్డు వరకూ గట్టిగా, నిండు కుండవలె ఉన్నది. వేళ్ళతో తట్టితే మొద్దు శబ్దము. వెంటనే పట్టణములోని ఆసుపత్రికి పంపించాను. గొట్టము వేయగా లీటరుకు పైగా మూత్రము వచ్చినదట. మూత్రపిండములు అప్పటికే దెబ్బతిన్నాయి. శస్త్రచికిత్స జరిగి, కోలుకోవడానికి నెలలు పట్టింది.

ఆయనకు వచ్చినది అతిమూత్రము కాదు. సంచి నిండిపోయి, పట్టజాలక పొంగి కారుతున్న మూత్రము. శాస్త్రము చెప్పిన మూత్రజఠరము అదే. అడ్డంకి ఉన్నచోట మూత్రమును పెంచే ఔషధము ఇవ్వడమంటే, తూము మూసి చెరువులోకి కాలువ వదలడమే. మా గురువుగారు ఈ సంగతి విని ఒక్కటే అడిగారు: "దర్శనము, స్పర్శనము, ప్రశ్న అని మూడు చెప్పితిని గదా, నడిమిది ఏమైనది?" నాటి నుండి పొత్తికడుపు తాకి చూడకుండా ఇటువంటి రోగికి నేను మందు వ్రాయలేదు.

ఇక రోగి ఇంటి వద్దనే చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. గుర్తులున్న ప్లాస్టిక్ కొలపాత్ర ఒకటి కొని, మూడు రోజులు ప్రతిసారీ మూత్రమును కొలిచి, వేళతో సహా నోటుపుస్తకములో వ్రాయాలి. త్రాగిన నీరు, కాఫీ, మజ్జిగ కూడా వ్రాయాలి. చాలామంది దీనికి సిగ్గుపడతారు. కాని పది ప్రశ్నలకు దొరకని జవాబు ఈ పుస్తకములో దొరుకుతుంది. ప్రతిసారీ 300, 400 మిల్లీలీటర్లు వస్తూ దినమునకు మొత్తము 3 లీటర్లు దాటితే ముందుగా ప్రమేహమును అనుమానించాలి. మొత్తము మామూలుగానే ఉండి, ప్రతిసారీ 100 లోపే వస్తూ ఉంటే దోషము సంచిలోనో, దాని ద్వారములోనో ఉన్నది. పగలు తక్కువగా ఉండి, 24 గంటల మూత్రములో మూడవ వంతుకు మించి రాత్రివేళనే వస్తూ ఉంటే కాళ్ళ వాపు చూడాలి, గుండెను పరీక్షింపజేయాలి. గట్టిగా గురకపెట్టి, ఊపిరి ఆగి ఆగి నిద్రించేవారిలోనూ ఇట్లు జరుగుతుంది. రక్తపోటుకు మూత్రము జారీచేసే బిళ్ళను సాయంత్రం వేసుకోవడము వలన నిద్రలేమి తెచ్చుకున్న వారిని కూడా చూశాను. అట్టివారు వ్రాసిచ్చిన డాక్టరును అడిగి వేళ మార్పించుకోవాలి.

మూత్రమునకు చీమలు పడితేనే షుగరు అని ఇంకా కొందరు నమ్ముతున్నారు. రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటిన తరువాత గాని మూత్రములోకి దిగదు. పరగడుపున 126 ఉన్నా మధుమేహమే. చీమల కోసం ఎదురుచూస్తే ఏళ్ళు గడచిపోతాయి.

మూత్రము మొదలగుటకు ఆలస్యము, సన్నని ధార, మధ్యలో ఆగుట, ఇంకా మిగిలినట్లు తోచుట, చివర చుక్కలు రాలుట: ఇవి అడ్డంకి లక్షణములు. 50 దాటినవారిలో ప్రోస్టేట్ అనే పౌరుషగ్రంథి పెరుగుట ఇందుకు ముఖ్య కారణము. దీనినే వాతాష్ఠీల అని మా వైద్యులు కొందరు అంటారు. మలాశయమునకు, మూత్రాశయమునకు నడుమ రాయివంటి గడ్డ అన్న వర్ణన సరిపోవుచున్నది గాని, పెరిగిన గ్రంథి అంతా వాతాష్ఠీల కాదని నా అభిప్రాయము. మరొక మాట: గ్రంథి ఎంత పెద్దదైతే బాధ అంత పెద్దదని లేదు. స్కానింగులో గ్రంథి బరువు చూసి బెదరకండి. మూత్రము పోసిన పిదప సంచిలో ఎంత మిగిలినదో ఆ రిపోర్టులోనే చూపించమని అడగండి.

40 ఏళ్ళవానికే ధార సన్నబడితే గ్రంథి కంటే నాళము సన్నబడి ఉండుటకే అవకాశమెక్కువ. ఎప్పుడో సైకిలు మీదనుండి పడి దెబ్బ తగిలినదా, ఆసుపత్రిలో గొట్టము వేశారా, యౌవనములో సుఖవ్యాధి సోకినదా అని ఏకాంతమున అడగాలి. జలుబు బిళ్ళలు వాడుతున్నారా అనీ అడగాలి. గ్రంథి పెరిగినవానికి ఆ బిళ్ళ వేసుకున్న రాత్రే మూత్రము పూర్తిగా బిగిసిపోవచ్చు. మలబద్ధకము కూడా అపానవాయువును అడ్డగించి బాధను హెచ్చిస్తుంది.

మంటతో పాటు చలిజ్వరము వస్తే అది "వేడి చేయడము" కాదు. నడుము ప్రక్కనుండి గజ్జలలోకి దిగే పోటు అశ్మరిని తెలుపుతుంది. మూత్రములో రక్తము ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా, ముఖ్యముగా బీడీ, సిగరెట్టు అలవాటున్నవారు, సబ్జా గింజల నీరు త్రాగి ఊరుకోరాదు. సంచిలో పుట్టే క్యాన్సరుకు అదే మొదటి గుర్తు కావచ్చు. బీట్‌రూట్ తిన్న మరునాటి ఎరుపు సంగతి వేరు. ప్రోస్టేట్ కోసం చేసే పి.ఎస్.ఎ. రక్తపరీక్ష క్యాన్సరులోనే గాక, మూత్రములో చీము ఉన్నా, గ్రంథి పెరిగినా హెచ్చుగా రావచ్చు. ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకొనరాదు.

గృహవైద్యము అడగక మీరు వదలరు గనుక చెబుతాను. పరీక్షలో చీము, చక్కెర, రక్తము లేవని తేలి, అడ్డంకి లేనివారికి మంట మాత్రమే ఉంటే, నలగగొట్టిన ధనియాలు ఒక వంతు, నీరు ఆరు వంతులు కలిపి రాత్రంతా ఉంచి, వడగట్టి ఉదయమున త్రాగవచ్చు. పడుకొనుటకు మూడు గంటల ముందుగా నీరు తగ్గించాలి. పగలు వేగమును ఆపుకొనరాదు. మూత్రము పూర్తిగా నిలిచి పొత్తికడుపు ఉబ్బితే మాత్రము కాపడములు పెడుతూ, మోదుగ పూలు వెదుకుతూ కూర్చోవద్దు. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.