తెలిసియు చెప్పకున్నచో

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో అను రాష్ట్రము కలదు. అందు లిటిల్టన్ అను పట్టణము చెంత కొలంబైన్ ఉన్నత పాఠశాల యున్నది. 1999వ సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీన ఆ పాఠశాలలోనే చదువుచున్న ఇద్దరు బాలురు తుపాకులతో వచ్చి తోడివారిని కాల్చిరి. ఆనాడు 12 మంది విద్యార్థులును, ఒక ఉపాధ్యాయుడును అసువులు బాసిరి. ఆ ఉపాధ్యాయుడు తన ప్రాణమును లెక్కింపక పిల్లలను హెచ్చరించుచు, వారిని సురక్షిత స్థలమునకు పంపుచుండగా గాయపడినవాడు. కాల్పులు జరిపిన బాలురిద్దరును ఆనాడే మరణించిరి.

విద్య నేర్చుచోట ఇట్టి ఘోరమేల జరిగెను? కొందరు తుపాకులను నిందించిరి. కొందరు చలనచిత్రములను నిందించిరి. మరికొందరు పాఠశాలలోని హేళనలే కారణమనిరి. విచారింపగా ఏ ఒక్క కారణమును తనంతట చాలినది కాదని తేలినది.

మొదటిది ఆయుధము. ఆ దేశ రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణము ఆయుధములు కలిగియుండు హక్కును పేర్కొనుచున్నది. వేటకును, ఆత్మరక్షణకును పెక్కు గృహములలో తుపాకులుండును. తుపాకులు సంపాదించిన నాటికి కొలంబైన్ బాలురకు 18 ఏండ్లు నిండలేదు. అందుచే వారు వయసు నిండిన ఒక స్నేహితురాలిచే తుపాకుల సంతలో మూడు తుపాకులు కొనిపించిరి. ఆ సంతలో సొంత తుపాకులు అమ్ముకొనువారు కొనువారి పూర్వాపరములను విచారింపవలెనను నిబంధన నాడు లేకుండెను. 2000లో ఆ రాష్ట్ర ప్రజలు ఓటు వేసి ఈ లోపమును సరిదిద్దిరి.

రెండవది పాఠశాలలోని నడవడి. అధ్యక్షుని రక్షణభారము వహించు సీక్రెట్ సర్వీసును, విద్యాశాఖయు కలిసి, 1974 మొదలు 2000 వరకు ఆ దేశపు పాఠశాలలలో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదికను ప్రకటించినవి. దాడి చేసినవారు 41 మంది. వారిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులమంది అంతకుముందు ఇతరులచే పీడింపబడినవారు, లేక అవమానము పొందినవారు. మూడింట రెండు వంతులకు పైగా తమ ఇంటినుండియో, బంధువుల ఇంటినుండియో తుపాకిని సంపాదించినవారు. అయినను, అవమానింపబడిన ప్రతి బాలుడును హంతకుడు కాడు. రూపమును, వేషమును, ఏకాంత ప్రియత్వమును చూచి ఎవనినైనను అనుమానించుట తప్పని ఆ నివేదికయే తెలుపుచున్నది.

మూడవది అన్నిటికంటె విచారకరమైనది. ఆ దాడులలో నాలుగింట మూడు వంతులకు పైగా, జరుగబోవునది ముందే మరియొకరికి తెలియును. అట్లు తెలిసినవారు చాలవరకు తోడి విద్యార్థులే. వారిలో పెద్దలకు చెప్పినవారు మిక్కిలి తక్కువ.

చెప్పినంత మాత్రమున చాలదు, వినువారును ఉండవలెను. కొలంబైన్ బాలురలో ఒకడు తమ కుమారుని బెదిరించుచున్నాడని 1998లోనే ఒక విద్యార్థి తల్లిదండ్రులు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. ఆ బాలుని ఇంటిని సోదా చేయుటకు అనుమతి కోరు పత్రము వ్రాయబడినది కాని, న్యాయమూర్తి యొద్దకు చేరలేదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనిన ఫలమేమి?

ఈ అనుభవము నుండి 2004లో కొలరాడోలో ‘సేఫ్ టు టెల్’ అను ఏర్పాటు వెలసినది. విద్యార్థి తన పేరు చెప్పకయే తాను విన్న ప్రమాదమును దాని ద్వారా పెద్దలకు తెలుపవచ్చును.

చాడీ చెప్పుట వేరు, ఆపదను తెలుపుట వేరు. ఒకని శిక్షింపజేయవలెనని చెప్పునది చాడీ. ఒకని రక్షింపవలెనని చెప్పునది స్నేహధర్మము. అట్లు చెప్పిన మాట ఆపదపాలు కాబోవువానిని మాత్రమే కాక, పాపకార్యమునకు ఒడిగట్టబోవు స్నేహితుని కూడ కాపాడును.