వాళ్లతో కలిసి నువ్వూ కూర్చో

ప్రొద్దుటూరు

చిన్నోడా,

నువ్వు పంపిన ఫోటోలు చూసినాను. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటా, ఆదివారమొస్తే స్నేహితుల్ని పిలిచి నీ చేత్తో వండిపెడుతున్నావంటే నా కడుపు నిండింది నాయనా. కానీ ఆ ఫోటోల్లో పది రకాల వంటలున్నాయి, నీ మిత్రులంతా ఉన్నారు, విస్తరి ముందర నువ్వు మాత్రం ఒక్కదాంట్లోనూ లేవు. వచ్చినవాళ్లు తింటావుంటే పొయ్యి దగ్గరే నిలబడిపోయినావని తెలుస్తానే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

రకాలు తగ్గించు. బిర్యానీ, పనీరు కూర వాళ్లకు ఏ వీధిలోనైనా దొరుకుతాయి. సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, ఈ మూడూ చాలు. వానలు తక్కువ పడే నేల మనది. రాగులు, జొన్నలు, కొర్రలు, చెనిక్కాయలు మెట్ట చేలల్లో పండినాయి గనక మన వంటింట్లోకి వచ్చినాయి. కరువు సీమ కూడు అని దాన్ని దాచిపెట్టుకోవద్దు. నువ్వు చిన్నప్పటి నుంచి తిన్నదే నీ చేతికి బాగా కుదురుతుంది.

పులుసు పొద్దున్నే చేసి పెట్టు. నాటుకోడి ముక్క ఉడకడానికి పొద్దు పడుతుంది, దించినాక కొంతసేపు నిలవుంటేనే కారం, ధనియాలు, గసగసాలు ముక్కకు పడతాయి. ఊరిబిండి కూడా ముందే నూరుకో. చెనిక్కాయలు దోరగా వేయించి పొట్టు తియ్యి. పచ్చిమిరపకాయలు, టమాటాలు నూనెలో మగ్గించి, చింతపండు, ఉప్పు వేసి బరకగా నూరు. మిక్సీలో అయితే ఒకటి రెండు తిప్పులు చాలు, మెత్తగా అయితే పంటికి ఏమీ తగలదు.

సంగటి మాత్రం ముందు చేసి పెట్టేది కాదు. ఆరితే గట్టిపడుతుంది. అందరూ వచ్చి కూర్చున్నాకే పొయ్యి మీద పెట్టు. గ్లాసు బియ్యానికి నాలుగైదు గ్లాసుల నీళ్లు పోసి బాగా మెత్తగా ఉడకనియ్యి. దాని మీద గ్లాసు రాగిపిండి కుప్పగా పొయ్యి, వెంటనే కలపొద్దు. మంట తగ్గించి, మూతపెట్టి, ఆవిరికి పిండి ఉడికేదాకా ఆగు. ఆ తర్వాత సంగటి కట్టెతో గట్టిగా గెలుకు, అడుగు దాకా పోవాల, ఒక్క ఉండ మిగలకూడదు. గిన్నె కదలకుండా పట్టుకోమని ఒక స్నేహితుణ్ణి పిలువు. గెలికేవాడు, పట్టుకునేవాడు, పక్కన నిలబడి నవ్వేవాడు, సంగతులన్నీ అక్కడే మొదలవుతాయి. చెయ్యి తడుపుకుని ముద్దలు చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి వేసి వడ్డించు.

మాంసం తినని వాళ్లుంటే ముందే కనుక్కో. వాళ్లకోసం గుత్తివంకాయ వేరే గిన్నెలో, వేరే గరిటెతో చెయ్యి. కోడిపులుసుకు పెట్టిన శ్రద్ధే దానికీ పెట్టు. ముస్లిం స్నేహితులుంటే కోడిని హలాల్ దుకాణంలోనే తెచ్చుకో, తెచ్చినట్టు వాళ్లకు చెప్పు కూడా. అడగడానికి మొహమాటపడి పెరుగన్నంతో లేచిపోయే మనిషి ఒక్కడున్నా ఆ పూట విందు కుదరనట్టే. రాత్రి ఉండిపోయిన వాళ్లకు పొద్దున మన కర్నూలు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెయ్యి. బొరుగులు నీళ్లలో నానేసి పిండి, తాలింపులో కలిపి పప్పుల పొడి చల్లితే అయిపోతుంది.

మన పక్క అన్నం పెట్టిన వాళ్ల పేరు ఎట్లా నిలిచిందో నీకు తెలియాల. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేల మందికి అన్నం పెట్టినాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. అంతకన్నా పెద్ద సంగతి, జనం ఆయన మీద పాటలు కట్టి ఊరూరా పాడుకున్నారు. 1995లో పోయిన కాశినాయన ఆశ్రమాల్లో ఇప్పటికీ వచ్చినవాళ్లకు అన్నం పెడతారు. మన జిల్లాలో ఒక మండలానికే ఆయన పేరు పెట్టినారు. వాళ్లు ఎన్ని రకాలు వడ్డించినారని ఎవ్వరూ చెప్పుకోరు. ఆకలితో వచ్చినవాళ్లను నువ్వెవరని అడగకుండా కూర్చోబెట్టినారనే చెప్పుకుంటారు. వాళ్లు పెట్టింది ఆకలికి, నువ్వు పెట్టేది స్నేహానికి. అయినా ఆ తీరే నేర్చుకో.

ఖర్చు సంగతి కూడా ఒక మాట. నెలాఖరులో అప్పు చేసి పిలవద్దు. జీతం చేతికి రానప్పుడు చిత్రాన్నం చేసి పిలువు, వచ్చేవాళ్లు దానికీ వస్తారు. తిన్నాక గిన్నెలు కడుగుతామంటే వద్దనకు, కడగనియ్యి.

దసరాకు వచ్చేటప్పుడు వాళ్లనీ వెంటబెట్టుకొని రా. ఎంతమందో రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యి, రాగులు ఆడించి పెడతాను. సంగటి మాత్రం నువ్వే గెలకాల.

మీ పెద్దమ్మ