బొగ్గు ఆవిరితో సరస్సు దాటిన నౌక

చమురు దేశమైన కువైట్‌లో పెరిగే మన పిల్లలకు సింగరేణి బొగ్గు వినికిడి మాత్రమే. బొగ్గుతో నడిచి కార్లను సరస్సు దాటించిన నౌక అమెరికాలోని ‘బ్యాడ్జర్’. 1953లో ప్రధానంగా గూడ్సు వాగన్లను మోయుటకై మిచిగన్ సరస్సులో ప్రవేశించినది. దాని యంత్రాలలో ఆవిరి సిలిండరు చివర ప్రవేశించి, నడుమనున్న రంధ్రాల గుండా వెలువడును. వచ్చిన దారిన మరలదు గనుక సిలిండరు చివరిభాగం చల్లబడదు, ఉష్ణం అంతగా వృథా కాదు. ఉపాయం చిన్నదే, ఫలితం గొప్పది!

1990లో ఆగిపోయిన ఈ నౌక 1992లో కార్లతో, ప్రయాణికులతో లుడింగ్టన్, మానిటోవాక్ రేవుల నడుమ మరల బయలుదేరినది. సుమారు 96 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం.

చిక్కంతా బూడిదతోనే. ఏటా వందల టన్నుల బూడిదను నీటితో కలిపి సరస్సులోనే వదిలేవారు. అందులో పాదరసం, ఆర్సెనిక్ వంటివి ఉండును. ఆ సరస్సే తీరనగరాలకు త్రాగునీరు. సముద్రజలాన్ని శుద్ధిచేసి త్రాగే కువైట్ వాసులకు ఆ ఆందోళన వేరుగా చెప్పనక్కరలేదు. 2013 నాటి న్యాయస్థాన ఒప్పందం మేరకు, 2015 నుండి బూడిదను నౌకలోనే నిలిపి ఒడ్డుకు చేర్చసాగారు.