ఓ భయమా, రేపు రా!

మా ఊరు గుండుగొలను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో వస్తుంది. ఆ టైముకి మీరు బస్సులో నిద్రపోతూ ఉంటారు కాబట్టి చూసి ఉండరు. ఒక పక్క హైవే, ఇంకో పక్కకి పోతే చేపల చెరువులు, ఆ తర్వాత కొల్లేరు. ఇలాంటి చోట పుట్టినవాడు భయాల్ని బయట వెతుక్కోనక్కర్లేదండీ, ఇంట్లోనే పెంచుతారు. పిల్లి ఎదురొస్తే ఆగాలి, ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళాలి, బల్లి మీద పడితే ఎక్కడ పడిందో పంచాంగంలో చూడాలి. రాత్రిపూట పాము పేరే ఎత్తకూడదు, "పురుగు" అనాలి. అందుకే నేను రాత్రి రెండింటికి ప్రోగ్రామ్‌లో బగ్ వచ్చిందంటే చాలు, మా మామ్మ "ఎక్కడరా?" అని కర్ర పట్టుకుని లేస్తుంది.

సరే, ఈ నెల పాఠం అదే: భయాన్ని డీబగ్ చెయ్యడం ఎలా.

ముందు మన ఆంధ్రాలో అందరికీ తెలిసిన కేసు ఒకటి చూద్దాం. 1990లలో ఊరూరా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. మనం అప్పటికి పుట్టలేదు, అమ్మానాన్నల్ని అడగండి. రాత్రి ఒక ఆడ దెయ్యం వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే సంగతులు. కానీ తలుపు మీద రాసింది చదివి, "ఓహో, రేపు రమ్మన్నారు" అని మర్యాదగా వెళ్ళిపోతుంది. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుంది. అంటే ఇన్ఫినిట్ లూప్! పాపం, ఆ దెయ్యానికి నిన్నటి డేటా సేవ్ చేసుకునే మెమరీ లేదు. పైగా దానికి తెలుగు చదవడం రావాలి. నాలాంటి ఇంగ్లిష్ మీడియం దెయ్యమైతే అక్షరాలు కూడబలుక్కునేలోపు తెల్లారిపోతుంది. ఇదే దెయ్యం కర్ణాటకలోనూ తిరిగింది, అక్కడ "నాళె బా" అని కన్నడంలో రాశారు. కాబట్టి ఆవిడ రెండు భాషల మనిషి.

నవ్వు పక్కన పెట్టి ఇక్కడ పని ఎలా జరిగిందో చూడండి. రాత్రి రాశారు, దెయ్యం రాలేదు. పొద్దున్నే "చూశావా, రాస్తే రాలేదు" అనుకున్నారు. రాయని ఇంట్లోవాళ్ళు కూడా శుభ్రంగా లేచి పాలు పితుక్కున్నారు, కానీ వాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మందు వేసుకున్నకొద్దీ జబ్బు ఉందన్న నమ్మకం పెరిగింది, అంతే.

మన క్లాసులో కూడా ఈ రాత ఉంది, సుద్దతో కాదు. సెమినార్ రోజున జ్వరం తెచ్చుకునేవాడిని చూడండి. రోల్ నంబర్ దాటిపోగానే అబ్బా అని ఎంత హాయి! ఆ హాయే అసలు ప్రమాదం. "పారిపోయాం కాబట్టి బతికాం" అని మెదడు రాసిపెట్టుకుంటుంది. వచ్చే సెమినార్‌కి భయం ఇంకొంచెం బలిసి వస్తుంది. ఇలా నాలుగేళ్ళు "రేపు రా" అనుకుంటూ పోతే, చివరికి ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ గదిలో అదే కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. కోడ్ బ్రహ్మాండంగా రాసే తెలుగు మీడియం ఫ్రెండ్స్ ఇంగ్లిష్‌లో నోరు విప్పాల్సి వస్తుందని ఇంటర్వ్యూకే పేరు ఇవ్వడం లేదు. ఇది మాత్రం నవ్వే విషయం కాదు.

భయపడేవాడికి లాజిక్ చెబితే పోతుందా? పోదు. "బల్లి నిన్నేం చేస్తుందిరా?" అంటే, ఏం చెయ్యదని వాడికీ తెలుసు. మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అని ఒకటుంది, ఆలోచన పూర్తయ్యేలోపే అది అలారం కొట్టేస్తుంది. దాని లెక్క దానిది. తాడుని పామనుకుంటే నష్టం ఒక గెంతు. పాముని తాడనుకుంటే నష్టం మనమే. అందుకని ఫాల్స్ పాజిటివ్ ఎన్నొచ్చినా దానికి పర్వాలేదు.

మరి దానికి ఎలా చెప్పాలి? 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు చూపించింది. పీటర్ అని మూడేళ్ళు నిండని పిల్లాడు, కుందేలంటే హడల్. దూది చూసినా, ఈక చూసినా ఏడుపే. ఆవిడ వాడికి క్లాసు పీకలేదు. వాడు ఇష్టమైనవి తింటుండగా, బోనులో కుందేలుని దూరంగా పెట్టింది. తర్వాత కొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి. మధ్యలో భయం వెనక్కీ వచ్చింది, అయినా చివరికి వాడే కుందేలుని నిమిరాడు.

మన హాస్టల్ బల్లికీ ఇదే సిలబస్. మొదట ఫోన్‌లో బల్లి బొమ్మ, చేతిలో మిర్చి బజ్జీ. తర్వాత వీడియో. తర్వాత బల్లి ఉన్న గదిలో గుమ్మం దగ్గర నిలబడటం. ఒక్కటే రూలు: దడ తగ్గేదాకా ఆ మెట్టు మీదే ఉండాలి, దడ పీక్‌లో ఉన్నప్పుడు పరిగెత్తకూడదు. తగ్గదేమో అని కంగారు వద్దు. పరీక్ష హాల్లో మొదటి అయిదు నిమిషాల దడ మూడు గంటలూ ఉంటుందా? మైకు భయానికైతే ముందు రూమ్మేట్‌కి చెప్పాలి, తర్వాత నలుగురికి, తర్వాత ఖాళీ క్లాసులో స్టేజి ఎక్కి. రబ్బరు పాము మీద విసిరి "ధైర్యం నేర్పిస్తున్నాం" అనే సీనియర్లకి మాత్రం మనవి: అది కుందేలుని దగ్గరికి తేవడం కాదు, పీటర్ ఒళ్ళో పడేయడం.

అన్ని భయాల్నీ డిలీట్ చెయ్యకండి. మా వైపు వరిచేలు, చెరువు గట్లు, వాటితోపాటు నిజం పాములూ ఉన్నాయి. వాటి విషయంలో తప్పు భయాలు తీసేసి ఒప్పు భయాలు ఉంచుకోవాలి. పాము పగబడుతుందన్న భయం తీసెయ్యండి. పగ గుర్తుపెట్టుకుని అడ్రస్ వెతుక్కుంటూ వచ్చేంత ఓపిక ఎదురింటివాళ్ళకే ఉంటుంది. జెర్రిపోతుకి విషం లేదు, చేలో ఎలకల్ని తింటుంది, దాన్ని కొట్టి చంపడం రైతుకే నష్టం. కట్లపాము భయం మాత్రం ఉంచుకోండి. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని కరిస్తే పెద్దగా నొప్పి కూడా తెలియదు. మంచం, దోమతెర, చేతిలో టార్చి, ఆ భయానికి ఇవి చాలు. కరిస్తే మంత్రం వేయించడం, కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. కాబట్టి పాముని పట్టుకుని డాక్టరుకి చూపించక్కర్లేదు. ఆ ప్రయత్నంలో రెండో కాటు కూడా పడొచ్చు.

ఇక భయం వల్ల నిద్ర, తిండి, క్లాసు అన్నీ పోతున్నాయంటే బజ్జీలతో అయ్యే పని కాదు. టెలి మానస్ నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లో మాట్లాడటమే భయమైతే మొదటి మెట్టుగా నంబర్ సేవ్ చేసుకోండి, రెండో మెట్టు రేపు కాదు, సాయంత్రం.