ఆటస్థలములో అంకెలు

కోయంబత్తూరు నూలుమిల్లులలో పనిచేసిన పెద్దలు మన పోషకులలో పలువురు కలరు. నూలు నంబరు తేల్చుటకు 120 గజముల నూలును చుట్టి తూచుదురని వారెరుగుదురు. ఒక్క చుట్టను తూచి ఎవరును తీర్పు చెప్పరు. పలు బాబిన్ల నుండి తీసి, తూచి, సరిచూచి చెప్పుదురు. నూలుపట్ల చూపు ఈ జాగ్రత్తను మేము ఒక బాలునిపట్ల చూపకపోతిమి.

నేడు హాకీ, ఫుట్‌బాల్ ఆటగాండ్రు భుజముల నడుమ చిన్న పరికరమును ధరించుచున్నారు. ఆటగాడెంత దూరము, ఎంత వేగముతో పరుగెత్తెనో అది ఉపగ్రహ సంకేతములనుబట్టి లెక్కించును. పోటీలలో వీనిని ధరించుటకు ఫుట్‌బాల్ నియమములు 2015లో అనుమతించినవి. 2025లో చెన్నైతోపాటు మధురలోను పురుషుల జూనియర్ ప్రపంచ హాకీ పోటీలు జరిగిన పిమ్మట మా బాలురకును వీనిపై మోజు కలిగినది.

ఒక మిత్రుడు రెండు పరికరములను ఎరువిచ్చెను. ఒకటి ఒక బాలునికి, రెండవది అతని తోటివానికి కట్టి ఆడించితిమి. మొదటివాడు చాల తక్కువ పరుగెత్తినట్లు వచ్చినది. అతనిని సోమరియని మందలించితిమి. మరునాడు అనుమానము కలిగి, రెండింటిని అతనికే కట్టితిమి. తిన్నగా పరుగెత్తినపుడు రెండును దాదాపు ఏకీభవించినవి. మలుపులు తిరుగుచు ఆడినపుడు మాత్రము మొదటిది తక్కువ చూపినది. ప్రార్థన సమయమున అందరి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి.

కారణము ఇది. మొదటి పరికరము సెకనుకు ఒక్కమారు, రెండవది పదిమారులు స్థానమును గుర్తించును. సెకనుకు 6 మీటర్లు పరుగెత్తు బాలుడు మొదటిదాని రెండు గుర్తుల నడుమ 6 మీటర్లు, రెండవదానిలో 60 సెంటీమీటర్లు కదలును. ఆ నడుమ తిరిగిన వంపు దానికి తెలియదు; గుర్తులను తిన్నని గీతతో కలిపివేయును. మరియు ఎత్తైన కట్టడముల చెంత సంకేతములు గోడలకు తగిలి మళ్ళివచ్చును. కప్పు క్రింద సరిగా అందవు. ఆరుబయటనే సామాన్యమైన ఫోనులో సుమారు 5 మీటర్ల తేడా రావచ్చును. పురుషుల కబడ్డీ బరి పొడవు 13, వెడల్పు 10 మీటర్లే గదా!

కావున ఒక బాలునికి ఎల్లప్పుడు ఒకే పరికరమును కట్టవలెను. అది కదలకుండ బిగించి, సంకేతములు అందువరకు ఆరుబయట నిలువవలెను. ఒకనాటి అంకెను గాక పలుదినముల అంకెలను చూడవలెను. మీ పిల్లవాడు అట్టి అంకెల కాగితమును ఇంటికి తెచ్చినయెడల, మందలించుటకు ముందు ఎట్లు కొలిచిరో మమ్ములను అడుగుడు.