డైట్ ముగిశాక మొదటి నెల

డైట్ ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఎలా ముగించాలో చెప్పేవాళ్లే కరువు. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతిలో కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులతో నెలల తరబడి గడిపినవాళ్లు మన బడుల్లో, బ్యాంకుల్లో, ఐటీ ఆఫీసుల్లో ఎంతోమంది ఉన్నారు. కీటో చేసినవాళ్లు, ఒంటిపూట భోజనంతో నెట్టుకొచ్చినవాళ్లు సరేసరి. బరువు తగ్గింది, చొక్కాలు వదులయ్యాయి, చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ఆ పద్ధతులు మంచివా చెడ్డవా అన్న చర్చ ఇక్కడ పెట్టను. మళ్లీ అన్నం ముందు కూర్చున్న మొదటి నెలలో ఏం చెయ్యాలన్నదే నాకు ముఖ్యం. డైట్‌కి మూడు నెలలు కేటాయించినవాళ్లు ఈ నెలకి కూడా అంత శ్రద్ధ పెట్టాలి.

ముందుగా ఒక హెచ్చరిక. షుగరు, బీపీ ఉండి డైట్ సమయంలో మందులు తగ్గించుకున్నవాళ్లు, ఆపేసినవాళ్లు అన్నం మొదలుపెట్టేముందే డాక్టరును కలవాలి. పిండిపదార్థం తిరిగి రాగానే షుగరు పెరగొచ్చు. పరగడుపున, తిన్న రెండు గంటలకు పరీక్ష చేయించుకుని, ఆ కాగితాలతో వెళ్లండి. పాత చీటీ చూసి పాత మోతాదు మీరే వేసుకోవద్దు. చాలా రోజులు ద్రవాలతోనే ఉన్నవాళ్లు ఒక్కసారిగా కడుపునిండా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది. కాళ్లవాపు, గుండెదడ, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక తూకం సంగతి. అన్నం మొదలైన నాలుగైదు రోజుల్లోనే మిషన్ మీద కిలో, రెండు కిలోలు ఎక్కువ కనిపించి చాలామంది బెంబేలెత్తుతారు. అందులో ఎక్కువ భాగం నీరే. పిండిపదార్థం మానేసినప్పుడు కాలేయంలో, కండరాల్లో ఉండే గ్లైకోజెన్ నిల్వ తరిగిపోతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. డైట్ మొదటి వారంలో గబగబా దిగిన బరువులో చాలావరకు ఈ నీరే, ఇప్పుడు తిరిగొస్తున్నదీ ఇదే. ఈ లెక్క తెలియక కొందరు మళ్లీ కడుపు మాడ్చుకుంటారు, కొందరు 'ఇంక నావల్ల కాదు' అని అన్నీ వదిలేస్తారు. మొదటి పది రోజులు మిషన్ ఎక్కకండి. ఆ తర్వాత వారానికోసారి, అదే రోజు, పరగడుపున చూసుకుంటే చాలు.

ఆకలి గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే అక్కడే మనుషులు తమని తాము ఎక్కువగా తిట్టుకుంటారు. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పది వారాలు అతి తక్కువ కేలరీలతో బరువు తగ్గినవాళ్లని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉన్నాయి. అంతకు చాలాముందు, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్లలో కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదవడం మొదలుపెట్టారు. మామూలు తిండి ఇచ్చాక కూడా ఎంత తిన్నా తృప్తి లేక తింటూనే ఉన్నవాళ్లున్నారు. కాబట్టి డైట్ అయ్యాక మీటింగులో కూర్చుని ఆవకాయ అన్నం తలుచుకున్నారంటే అది మీ మనోబలం లోపం అనుకోకండి. అన్నానికి మొహం వాచిన ఒళ్లు అడుగుతోంది. దానికి వేళకు, చాలినంత పెట్టాలి. మిన్నెసోటా కుర్రాళ్లకు కండ కంటే కొవ్వే ముందు తిరిగొచ్చింది. అందుకని ఈ నెలలో పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటివి ఏ పూటా తప్పనివ్వకండి. వాటితోపాటు కండరాలకు పనిచెప్పే వ్యాయామం వారంలో రెండు మూడుసార్లయినా ఉండాలి.

అన్నాన్ని కొలిచి మొదలుపెట్టండి. రైస్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పులో తలకొట్టి పోస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది. వండితే 400 గ్రాముల పైచిలుకు అన్నం, 500కు పైగా కేలరీలు. మధ్యాహ్నం ఇంత అన్నం ఒక్కరే తినేవాళ్లు మనలో తక్కువేం కాదు. మొదటి వారం ఇందులో మూడోవంతు, మధ్యాహ్నం పూట మాత్రమే తినండి. రెండో వారం రాత్రికి రెండు పుల్కాలు చేర్చండి. మూడో వారం పొద్దున ఇడ్లీయో పెసరట్టో. ఒక్కో వారం ఒక్కో పూట చేరిస్తే ఏది పడుతోందో, ఏది పడట్లేదో మీకే తెలుస్తుంది.

అన్నం తిరిగి వచ్చినప్పుడు నూనె వెనక్కి తగ్గాలి. చాలా ఇళ్లలో ఇది జరగదు. కొవ్వు ఎక్కువగా తినే డైట్‌లో రోజుకు 70 గ్రాములు, అంతకుపైన కొవ్వు అలవాటైన నాలుక వెన్నా చీజూ వదలదు, పక్కన అన్నం కూడా చేరుతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, 2000 కేలరీలు తినే రోజుకి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే ఇచ్చారు. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. మన కంచంలో పప్పు నీళ్లనీళ్లగా, కూర నంజుకోవడానికి మాత్రమే ఉంటున్నాయి. మారాల్సింది అదే.

డబ్బా కట్టుకునేవాళ్లకి ఇది తేలిక. మూడు గిన్నెల క్యారియరులో పెద్ద గిన్నె అన్నానికి కేటాయించడం మన అలవాటు. ఆ పెద్ద గిన్నెలో బీరకాయో గోరుచిక్కుడో తోటకూరో పెట్టండి. మధ్యదాన్లో గట్టిపప్పు, లేదంటే గుడ్లకూర. చిన్నదాన్లో అన్నం. తినేటప్పుడు కూర, పప్పు సగం తిన్నాక అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత షుగరు పెరుగుదల తక్కువగా ఉంటుంది. క్యాంటీన్ భోజనమైతే వడ్డించేటప్పుడే అన్నం సగం చాలని చెప్పి, ఇంకో కప్పు కూర డబ్బులిచ్చయినా తీసుకోండి. టీములో బిర్యానీ పెట్టుకున్నరోజు మానక్కర్లేదు. ముక్కలు, రైతా ముందేసుకుని, ఒక ప్లేటుతో ఆపి, రాత్రికి మామూలుగా తినండి. రాత్రి మానేస్తే మర్నాడు పొద్దున ఆకలి ఆగదు.

నా లెక్కలో ఉద్యోగస్తులని దెబ్బతీసేది భోజనం కంటే సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఉండే సమయం. ఆఫీసు కింద పునుగులు, మిరపకాయబజ్జీల బండి ఉంటుంది, ఎవరో ఒకరు పిలుస్తారు. సొరుగులో వేయించిన శనగల డబ్బా, సంచీలో మజ్జిగ సీసా ఉంటే ఆ పిలుపుకి టీ వరకే వెళ్లి రావచ్చు. ఆ టీలో రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు నాలుగు కప్పులంటే 35 గ్రాములు దాటొచ్చు. వారానికి అర చెంచా తగ్గిస్తూ పోతే నాలుక ఒప్పుకుంటుంది. రాత్రి షిఫ్టువాళ్లు డ్యూటీకి ముందే పూర్తి భోజనం చేసి, నడిరాత్రి పండుతోనో పెరుగుతోనో సరిపెట్టుకోవడం మంచిది.

నెల గడిచాక కూడా వారం వారం తూకం పెరుగుతూనే ఉంటే ముందు సాయంత్రపు చిరుతిళ్లు, ఆ తర్వాత నూనె, చివరికి అన్నం తగ్గించండి. ఇంకో కఠినమైన డైట్‌లోకి దూకేముందు డైటీషియన్‌ని కలవండి. వెళ్లేటప్పుడు మూడు రోజులు తిన్నవన్నీ టీలతో సహా రాసి పట్టుకెళ్లండి, అందులో ఒకటి ఆదివారం అయ్యుండాలి.